జెట్ బోటుకు రెక్కలు బిగిస్తే స్టీరింగ్ కుదురుతుందా?

ప్రశ్న: మాది దిండి దగ్గర ఊరు. సెకండ్ హ్యాండ్‌లో ఒక జెట్ బోటు కొని వశిష్ఠలో టూరిస్టులను తిప్పుతున్నాం. స్పీడ్‌లో ఉన్నంతసేపూ చెప్పినట్టు వింటుంది. రేవు దగ్గరికొచ్చి రేజ్ తగ్గించామంటే స్టీరింగ్ ఎటు తిప్పినా దాని దారిన అది పోతుంది. ఇప్పటికి రెండుసార్లు జెట్టీకి కొట్టుకుంది. నాజిల్‌కు రెండు పక్కలా బిగించే రెక్కలు ఆన్‌లైన్‌లో చూశాను. కొనమంటారా?

జవాబు: కొనండి. కానీ అవి ఎప్పుడు పనిచేస్తాయో, ఎప్పుడు చేయవో ముందు తెలుసుకోండి. అది తెలియకుండా బిగిస్తే మూడోసారి కూడా జెట్టీకి కొట్టుకుంటుంది.

ఇది మీ ఒక్క బోటు లోపం కాదు. జెట్ బోటు తీరే అంత. అడుగున ఉన్న జాలీలోంచి నీళ్లు పీల్చుకుని, లోపల తిరిగే ఇంపెల్లర్‌తో వాటిని వెనక నాజిల్‌లోంచి చిమ్ముతుంది. మీరు స్టీరింగ్ తిప్పితే తిరిగేది ఆ నాజిలే. చిమ్మే నీళ్ల దిశ మారితే బోటు తిరుగుతుంది. రేజ్ వదిలేస్తే చిమ్మడం తగ్గిపోతుంది, దాంతో తిప్పే బలమూ పోతుంది. నీళ్లలో తిరిగే ఫ్యాను ఉన్న బోటు ఇంజనుకు నీళ్లలోకి దిగి ఉన్న కాలు ఒకటి ఉంటుంది. రేజ్ వదిలినా ఆ కాలు ఎంతో కొంత చుక్కానిలా పనిచేస్తుంది. మన నాటు పడవలకు చుక్కాని ఉండనే ఉంది. జెట్ బోటు అడుగున మాత్రం పట్టుకోవడానికి ఏమీ లేదు.

అలా చేయడానికి కారణం కూడా ఉంది. 1950లలో న్యూజిలాండ్‌లో విలియం హామిల్టన్ అనే ఆయన, రాళ్లు తేలిన లోతులేని నదుల్లో తిరగడానికే ఈ పద్ధతిని పనికొచ్చే రూపానికి తెచ్చాడు. అడుగున ఏమీ వేలాడకూడదన్నదే అసలు ఉద్దేశం. మీరు ఇప్పుడు బిగించబోయే రెక్కలు అడుగున వేలాడేవే. వేసవిలో లంకల పక్కన ఇసుక మేటలు ఎక్కడ తేలతాయో మీకు నాకంటే బాగా తెలుసు. అందుకే తగిలితే పైకి మడుచుకుని మళ్లీ కిందికి దిగే రకమే తీసుకోండి. కదలకుండా బిగిసి ఉండే రెక్క మేటకు తగిలితే, ఆ దెబ్బ నాజిల్‌కూ స్టీరింగ్ కేబుల్‌కూ పడుతుంది. ఆ రిపేరు ఖర్చు రెక్కల ధరకంటే చాలా ఎక్కువ అవుతుంది.

ఇక రెక్క పనిచేసే తీరు. నీళ్లు దాన్ని ఒరుసుకుంటూ పోతేనే దానికి బలం. ఆ బలం వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. గంటకు 8 కిలోమీటర్ల వేగంలో ఉన్న పట్టు 4 కిలోమీటర్లకు వచ్చేసరికి పావు వంతే మిగులుతుంది. నిలబడ్డ నీళ్లలో నిలబడ్డ బోటుకు రెక్కలున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. రేవుకు నెమ్మదిగా వస్తున్నప్పుడు బోటు అటూ ఇటూ వంకర్లు పోవడం మాత్రం రెక్కలతో బాగా తగ్గుతుంది. యమహా లాంటి కంపెనీలు కూడా తమ కొన్ని జెట్ బోట్లకు నాజిల్‌తో పాటు తిరిగే చుక్కాని లాంటిది ఇస్తున్నాయి కాబట్టి ఇది ఎవరో అమ్ముకోవడానికి చెప్పే మాట కాదు.

ఇక్కడ ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. రెక్కకు లెక్క నీళ్లలో వేగమే, ఒడ్డు నుంచి చూస్తే కనిపించే వేగం కాదు. నది గంటకు 3 కిలోమీటర్లు పారుతోందనుకుందాం. మీరు ప్రవాహానికి ఎదురుగా వస్తూ, జెట్టీ పక్కన బోటు కదలకుండా నిలిచేటంత రేజ్ ఇచ్చారు. జెట్టీ మీద నిలబడ్డవాళ్లకు బోటు ఆగినట్టే ఉంటుంది. రెక్కల మీదుగా మాత్రం 3 కిలోమీటర్ల వేగంతో నీళ్లు పోతూనే ఉంటాయి, నాజిల్ చిమ్ముతూనే ఉంటుంది. రెండూ మీ చేతిలోనే ఉన్నాయి. అదే వాలుకు, అంటే ప్రవాహంతో పాటు, వచ్చారనుకోండి. జెట్టీ దగ్గరికి నెమ్మదిగా రావాలంటే రేజ్ వదిలి నీళ్లతో పాటు కొట్టుకురావాలి, లేదా వెనక్కి లాగాలి. కొట్టుకొస్తే రెక్కల మీదుగా నీళ్లు పోవు, వెనక్కి లాగితే నీళ్లు వెనక నుంచి వచ్చి తగులుతాయి. మీ బోటు ఆ రెండుసార్లూ వాలుకు వస్తూనే కొట్టుకుని ఉంటుందని నా అనుమానం.

కాబట్టి వాలుకు వస్తున్నప్పుడు జెట్టీ దాటి కిందికి పోండి, అక్కడ తిరిగి, ఎదురుగా రండి. టూరిస్టులు రెండు నిమిషాలు ఎక్కువ కూర్చుంటారు, అంతే. చిన్నప్పుడు సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు మీద దాటుతున్నప్పుడు, సరంగు రేవుకు సూటిగా కాకుండా ఎగువకు ఎందుకు పట్టిస్తున్నాడో నాకు అర్థమయ్యేది కాదు. నీళ్లు పంటును ఎంత దించుతాయో ఆయనకు లెక్క ఉండేది. జెట్ బోటు నడిపేవాళ్లకూ ఆ లెక్కే కావాలి. మీ రేవులో పాత సరంగు ఎవరైనా ఉంటే మీ డ్రైవర్‌ను ఒక రోజంతా ఆయన పక్కన కూర్చోబెట్టండి.

బోటు నడిపేవారికి మరో అలవాటు నేర్పాలి. ఎదురుగా ఏదైనా కనపడితే కంగారులో రేజ్ వదిలేయడం మనిషి సహజం. కారులో అది సరైన పని. జెట్ బోటులో మాత్రం రేజ్ వదిలిన క్షణంలో స్టీరింగ్ పోయి, సూటిగా వెళ్లి దానికే కొట్టుకుంటుంది. తప్పించాలంటే కొంచెం రేజ్ ఉంచి తిప్పాలి. రెక్కలు ఉన్నాయన్న ధైర్యంతో ఈ అలవాటు వదిలేస్తే ప్రమాదం. ఎవరూ లేని వెడల్పాటి చోట, ఒక ఖాళీ డ్రమ్ము నీళ్ల మీద తేల్చి, దాని పక్కనుంచి తప్పించడం పదిసార్లు చేయించండి. నాజిల్ వెనక దిగి నీళ్లను ముందుకు మళ్లించే మూతను రివర్స్ బకెట్ అంటారు, జెట్టీ దగ్గర దాన్ని సగంలో ఉంచడం కూడా నేర్పండి. నీళ్లు ముందుకూ వెనక్కూ చీలి బోటు దాదాపు ఆగుతుంది, కానీ నాజిల్ చిమ్ముతూనే ఉంటుంది కాబట్టి స్టీరింగ్‌కు కాస్త బలం మిగులుతుంది.

కొనే ముందు పాత భాగాలు చూడండి, సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి చెబుతున్నాను. స్టీరింగ్ ఎంత తిప్పాక నాజిల్ కదులుతోంది? మధ్యలో ఖాళీ ఆట ఎక్కువుంటే ముందు కేబుల్ మార్చాలి. గోదావరి ఇసుక నీళ్లకు ఇంపెల్లర్ అంచూ దాని చుట్టూ ఉండే రింగూ త్వరగా అరుగుతాయి, అరిగితే తోపు తగ్గుతుంది. జాలీలో గుర్రపుడెక్క వేళ్లు ఇరుక్కున్నా అంతే. జాలీ శుభ్రం చేసేటప్పుడు ఇంజను ఆపి, తాళం మీ జేబులో పెట్టుకున్నాకే చెయ్యి పెట్టండి. రెక్కలు వచ్చాక ఆ డెక్క వాటికీ చుట్టుకుంటుంది, వలల తాళ్లూ చుట్టుకుంటాయి. రోజూ చూసుకోవాల్సిందే.

ఆర్డర్ చేసేటప్పుడు బోటు మోడల్, తయారైన సంవత్సరం, నాజిల్ బయటి కొలత ఇవ్వండి. బిగించాక బోటు గట్టు మీద ఉండగానే స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, బకెట్‌ను కిందికీ పైకీ ఆడించి చూడండి. రెక్క బకెట్‌కు ఎక్కడా తగలకూడదు. మీ దగ్గరి వర్క్‌షాపులో రేకు కోసి నాజిల్‌కు వెల్డింగ్ చేయిస్తే చవకే, కానీ ఆ పని వద్దు. అల్యూమినియం పోత వేడికి వంగుతుంది, పగులు వస్తుంది. బోల్టులకు మెరైన్ గ్రీజు రాయండి. దిండి దాకా ఉప్పు నీళ్లు ఎక్కే రోజుల్లో స్టీలు బోల్టు పక్కనున్న అల్యూమినియం తినేసినట్టు అరిగిపోతుంది. టూరిస్టులను తిప్పే బోటు కాబట్టి ఈ మార్పు సంగతి సర్వే చేసే అధికారికి ముందే చెప్పండి. లైఫ్ జాకెట్ల విషయం వేరే చెప్పాలా? ఎక్కేవాళ్లందరికీ, పిల్లలకు పిల్లల సైజులో.

ప్రశ్న: యానాం దగ్గర చేపల వ్యాపారం మాది. ఫోన్‌లో టైడ్ యాప్ చూపించే పోటు టైముకూ, మా రేవులో పోటు టైముకూ పొంతన లేదు. యాప్ మార్చాలా?

జవాబు: యాప్ మార్చినా అంతే. చాలా యాప్‌లు దగ్గరి ఓడరేవు లెక్కనే చూపిస్తాయి. సముద్రపు పోటు గౌతమిలోకి ఎక్కి మీ దాకా రావడానికి సమయం పడుతుంది. వరద రోజుల్లో ధవళేశ్వరం గేట్ల నుంచి దిగే నీళ్లు ఆ లెక్కనే తారుమారు చేస్తాయి. ఒక పౌర్ణమి నుంచి అమావాస్య దాకా, మీ రేవు మెట్ల మీద నీళ్లు గరిష్ఠానికి చేరిన టైమును, పక్కనే యాప్ చూపించిన టైమును ఫోన్‌లోనే ఒక షీట్‌లో రాయండి. తేడా ఎంతో తెలుస్తుంది, వరద లేని రోజుల్లో ఆ తేడా కలుపుకుంటే చాలు. రోజూ పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్నటి టైమును నమ్ముకోకండి. నీళ్లు గరిష్ఠానికి వచ్చాక కూడా ప్రవాహం కొంతసేపు పైకే నడవొచ్చు. అది యాప్‌లో కనపడదు. లంగరు వేసిన పడవ ముక్కు ఎటు తిరిగి ఉందో చూడండి, కొట్టుకొచ్చే గుర్రపుడెక్క ఎటు పోతోందో చూడండి. దిండి నుంచి రాసిన పాఠకుడికీ ఇదే అవసరం, జెట్టీకి ఏ వైపు నుంచి రావాలో దీన్ని బట్టే తేల్చుకోవాలి.

ప్రశ్న: అంతర్వేదిలో ఫోన్ ఉప్పు నీళ్లలో పడింది. వాటర్‌ప్రూఫ్ అని కొన్నాను. బియ్యంలో పెట్టమంటున్నారు.

జవాబు: బియ్యం వద్దు, నలుసులు పోర్టులోకి పోతాయి. ఆ వాటర్‌ప్రూఫ్ పరీక్షలు మంచినీళ్లలో చేసినవి. వెంటనే స్విచ్ ఆఫ్ చేసి, పైన మంచినీళ్లతో మెల్లగా కడిగి, పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని తట్టి, గాలి తగిలేచోట ఒక రోజు ఉంచండి. పూర్తిగా ఆరేదాకా ఛార్జర్ పెట్టకండి.