వయొలిన్ వాయిస్తే కుక్క ఊళ ఎందుకు పెడుతుంది? చెవులు నొప్పి పుట్టా?

చాలావరకు నొప్పి వల్ల కాదు. వయొలిన్, ఫ్లూట్, మౌత్ ఆర్గాన్‌లలో సాగే స్వరం కుక్కకు దూరాన ఇంకో కుక్క పెట్టే ఊళలా తోస్తుంది కాబట్టి అదీ గొంతు కలుపుతుంది. ఊళ తోడేళ్ల వారసత్వం, విడిపోయిన గుంపు ఒకదాన్నొకటి పిలుచుకునే పిలుపు. గిటార్ తీగ మీటితే పట్టించుకోని కుక్క కూడా, వయొలిన్ కమానును నాలుగైదు సెకన్లు ఆపకుండా లాగగానే మూతి పైకెత్తి మొదలుపెట్టవచ్చు. మీటిన స్వరం వెంటనే సన్నగిల్లుతుంది, కమాను స్వరం నిలబడుతుంది. తేడా అంతా అక్కడే.

ఊళ పెట్టిందంటే చెవులు పగిలిపోతున్నాయనుకోవడం పొరపాటు. కుక్క చెవి మనకంటే చురుకైనదన్న మాట నిజమే: మనకు 20,000 హెర్ట్జ్ దాటితే వినపడదు, దానికి సుమారు 45,000 వరకు అందుతుంది. కానీ నిజంగా ఇబ్బందిపడితే ఒళ్లే చెబుతుంది. చెవులు వెనక్కి అణచుకుంటుంది, తోక కాళ్ల మధ్యకు ముడుస్తుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, మూతి నాక్కుంటుంది, గదిలోంచి వెళ్లిపోతుంది.

అలాంటప్పుడు తలుపు తెరిచే ఉంచి, పక్క గదిలో రెండు మూడు నిమిషాలు మెల్లగా వాయించండి. అది నిశ్చింతగా పడుకోవడం మొదలయ్యాకే కొంచెం దగ్గరికి జరగండి. అలవాటవుతుందని కట్టేసి వినిపిస్తే భయం ఇంకా ముదురుతుంది, దయచేసి ఆ పని చేయకండి.