పట్టణం నగరంగా పెరగాలంటే పాత కట్టడాలు కూల్చక తప్పదా?

అక్కర్లేదు, కొత్త నిర్మాణాలను పాత భాగం బయటికి మళ్లిస్తే ఊరూ పెరుగుతుంది, కట్టడాలూ నిలుస్తాయి. పెరిగే జనానికి కావాల్సింది ఇళ్లు, ఆఫీసులు. అవి పాత వీధుల్లోనే ఉండి తీరాలని లేదు.

పారిస్‌నే చూడండి. 1973లో నగరం మధ్యలో 210 మీటర్ల మోంపర్నాస్ టవర్ లేచింది. దాని మీద గట్టి వ్యతిరేకత వచ్చింది. 1977లో భవనాల ఎత్తుకు 37 మీటర్ల పరిమితి పెట్టారు. ఆకాశహర్మ్యాలు ఎక్కువగా నగర సరిహద్దు అవతల లా డిఫాన్స్‌లో వెలిశాయి. అక్కడికి రైలు, మెట్రో వేశారు కాబట్టే అది నిలదొక్కుకుంది. నా దృష్టిలో అసలు కీలకం అదే. రవాణా లేకుండా ఊరి బయట స్థలం చూపిస్తే ఎవరూ వెళ్లరు.

చాలామంది వారసత్వ కట్టడమంటే ఇక ముట్టుకోకూడదనుకుంటారు. నిజానికి చాలాచోట్ల అందులో కాపురం ఉండొచ్చు, దుకాణం పెట్టుకోవచ్చు, అనుమతితో మరమ్మతులూ చేయించుకోవచ్చు. మనుషులు మసలని ఇల్లే త్వరగా పాడవుతుంది, ఎందుకంటే కప్పు కారినా చూసేవాళ్లుండరు. కాకపోతే మరమ్మతు తీరు ముఖ్యం. సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూస్తే తేమ బయటికి పోలేక లోపలి ఇటుకలు పొడిపొడిగా రాలిపోతాయి.