ఆపరేషన్ అయింది సరే, ముల్లు కదలదేం?

బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గడానికి కడుపును చిన్నది చేసే ఆపరేషన్) చేయించుకున్నాక బరువు అనుకున్నంత వేగంగా తగ్గడం లేదంటూ పాఠకులు రాసిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. వీటిలో రెండు రకాల సర్జరీలు వస్తాయి: స్లీవ్‌లో కడుపులో చాలా భాగం తీసేసి సన్నటి గొట్టంలా మిగులుస్తారు; బైపాస్‌లో కడుపు పైభాగంలో ‘పౌచ్’ అనే చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు.

ప్రశ్న: స్లీవ్ సర్జరీ అయి ఐదు నెలలైంది. అప్పుడు 110 కిలోలు, ఇప్పుడు 92. ఎత్తు 160 సెంటీమీటర్లు. అదే వారం చేయించుకున్న ఒకాయన అప్పుడే 30 కిలోలు తగ్గాడు. నాకు సర్జరీ పనిచేయనట్టేనా?

జవాబు: కిలోలు పక్కనపెట్టి శాతాలు చూడండి, సగం దిగులు అక్కడే తీరుతుంది. మీ ఎత్తుకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంతుందో చెప్పే కొలత) 25 దగ్గర ఉండాల్సిన బరువు 64 కిలోలు (1.6 × 1.6 × 25). అంటే సర్జరీనాటికి మీ ఒంట్లో అదనంగా ఉన్నది 46 కిలోలు. అందులో 18 పోయాయి, అంటే 39 శాతం. మొత్తం బరువు మీద లెక్కేస్తే 16 శాతం. స్లీవ్ తర్వాత ఏడాది, ఏడాదిన్నరకు సగటున తగ్గేది మొత్తం బరువులో పాతిక శాతం దగ్గర. బైపాస్‌కైతే 30 శాతం దగ్గర. ఐదు నెలలకే మీరు ఆ దారిలో మూడింట రెండు వంతులు నడిచేశారు.

ఇక ఆయన సంగతి. 150 కిలోలతో మొదలుపెట్టి ఉంటే 30 కిలోలంటే 20 శాతమే. పైగా మగవాళ్లకు కండ ఎక్కువ కాబట్టి ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే శక్తి ఎక్కువ. వయసు పైబడినవారికి, మధుమేహం ఉన్నవారికి, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవారికి వేగం తక్కువగా ఉంటుంది. చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది: సర్జరీకి ముందు డైట్‌తో తగ్గించుకున్న బరువు. ముందే ఆరు కిలోలు దించుకుని టేబులెక్కినవారికి, తేలిగ్గా పోయే ఆ తొలి ఆరు కిలోలు సర్జరీ తర్వాత ఉండవు కదా. మీ లెక్క అత్యధిక బరువు నుంచి మొదలవుతోందా, సర్జరీ రోజు నుంచా అన్నది చూసుకోండి. ఇద్దరు రెండు చోట్ల మొదలుపెట్టి పోల్చుకుంటే ఎవరో ఒకరు ఊరికే ఏడవాల్సి వస్తుంది.

ఏడాదిన్నర గడిచాక అదనపు బరువులో సగమైనా పోకపోతేనే సాధారణంగా ‘చాలినంత తగ్గలేదు’ అంటారు. అలాగని ఏడాదిన్నర దాకా ఊరుకోమని కాదు. నెలా రెండు నెలలు గ్రాఫు పూర్తిగా అడ్డంగా ఉంటే మీ సర్జరీ బృందానికి కబురు పెట్టాలి.

ప్రశ్న: సర్జరీ అయి మూడు వారాలు. మొదటి పది రోజుల్లో ఆరు కిలోలు పోయాయి. ఆ తర్వాత పన్నెండు రోజులుగా ఒక్క గ్రాము కదల్లేదు. తింటున్నది గుప్పెడు కూడా లేదు. ఇదెలా సాధ్యం?

జవాబు: ఇది ఎంత మామూలంటే దీనికి ‘మూడో వారం ఆగుడు’ అని పేరే పెట్టుకోవచ్చు. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే నిల్వ పిండిపదార్థం అరకిలో దాకా ఉంటుంది. ఒక్కో గ్రాము తనతో మూడు నాలుగు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి ఒక్కసారిగా తగ్గేసరికి శరీరం ముందు ఈ నిల్వనే వాడేస్తుంది, దాంతోపాటు నీరూ పోతుంది. తొలి కిలోల్లో కొంత ఆ నీరే. తర్వాత నిల్వ కొంత మళ్లీ నిండి, నీరు తిరిగొస్తుంది. అదే సమయంలో కొవ్వు కరుగుతూనే ఉంటుంది. ఒకటి ఎక్కుతోంది, ఒకటి దిగుతోంది, కాబట్టి ముల్లు నిలబడిపోయింది. ఒకటి నుంచి మూడు వారాల్లో దానంతటదే కదులుతుంది.

నెలసరికి ముందు, మలబద్ధకం ఉన్నప్పుడు, ఉప్పు ఎక్కువైన మర్నాడు, కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన వారం కూడా కిలో రెండు కిలోలు ఇలా దాక్కుంటాయి. అందుకే వారానికొకసారి, ఒకే రోజు, పొద్దున్నే మూత్రవిసర్జన తర్వాత, ఏమీ తినకముందు తూగండి. నెలకోసారి టేపుతో నడుము, తుంటి, తొడ, పైచేయి కొలిచి రాసిపెట్టుకోండి. ముల్లు ఆగిన వారాల్లో టేపు కదలడం మామూలే.

ముల్లు కదలడం లేదని ఉన్న తిండి ఇంకా తగ్గించకండి. అప్పుడు పోయేది ముందు కండే.

ప్రశ్న: బైపాస్ అయి పది నెలలు. రెండు నెలలుగా బరువు ఆగిపోయింది. చిన్న గిన్నెడు తింటే ఇక పట్టదు. డైటీషియన్ మాత్రం ‘ఎక్కడో ఎక్కువవుతోంది’ అంటున్నారు. తినేదే ఇంతైతే ఎక్కువెక్కడిది?

జవాబు: మీరు చెప్పిందీ నిజమే, ఆవిడ చెప్పిందీ నిజమే. సర్జరీ కట్టడి చేసేది పరిమాణాన్ని, కేలరీలను కాదు. బైపాస్‌లో చేసే పౌచ్ సుమారు 30 మిల్లీలీటర్లు. గట్టి ఆహారం నమిలి తింటే అందులో కాసేపు నిలుస్తుంది, కడుపు నిండిన భావన ఇస్తుంది. ద్రవం, నోట్లో వేయగానే కరిగేది నిలవకుండా జారిపోతాయి. బిస్కెట్లు, చిప్స్, ఐస్‌క్రీమ్, చాక్లెట్ ఈ కోవలోవే. మాంసం ముక్క నాలుగు ముద్దలకే అడ్డం పడేవారు బిస్కెట్ ప్యాకెట్ ఇబ్బంది లేకుండా ఖాళీ చేయగలరు. తీపి తింటే డంపింగ్ (తిన్నది ఒక్కసారిగా పేగులోకి దిగి గుండెదడ, చెమటలు, కడుపునొప్పి రావడం) వస్తుందనీ, ఆ భయమే కాపాడుతుందనీ అనుకోవద్దు. అది అందరికీ రాదు.

వారం రోజులు నోట్లోకి వెళ్లిన ప్రతిదీ రాయండి. గుర్తున్నంత రాత్రి రాయడం కాదు, తినకముందే వంటింటి కాటా మీద పెట్టి గ్రాముల్లో రాయాలి. అంచనా మీద రాసిన డైరీలు దాదాపు ఎప్పుడూ తక్కువే చూపిస్తాయి. అది అబద్ధమాడటం కాదు, మనిషి కన్ను అంతే. తర్వాత ఆ కాగితంలో మూడింటిని వెతకండి.

మొదట గ్లాసులు. 200 మిల్లీలీటర్ల పళ్లరసం 90 కేలరీల దాకా. చక్కెర, చిక్కటి పాలు వేసిన కాఫీ రోజుకు మూడుసార్లంటే అది పానీయం కాదు, ఒక పూట భోజనం. ఆల్కహాల్ సంగతి వేరే చెప్పాలా? కేలరీలు సరేసరి, బైపాస్ తర్వాత అది రక్తంలోకి చాలా వేగంగా చేరుతుంది, మత్తు త్వరగా, గట్టిగా ఎక్కుతుంది.

రెండోది చిరుతిండి. ఒకేసారి ఎక్కువ పట్టదు కాబట్టి రోజంతా కొంచెం కొంచెం నోట్లో వేసుకోవడం అలవాటవుతుంది. గుప్పెడు గింజపప్పులు, అంటే 30 గ్రాములు, సుమారు 175 కేలరీలు. ‘ఆరోగ్యకరమైనవే కదా’ అని వీటిని ఎవరూ లెక్కలో వేయరు. వంటలో పడే నూనె టేబుల్‌స్పూను 120 కేలరీలు. ఇలాంటివి మూడు చేరితే 400 దగ్గరికి వచ్చినట్టే. రెండు నెలలు ముల్లు ఆగిపోవడానికి అంత చాలు.

మూడోది, తింటూ తాగడం. నీళ్లు తినడానికి ముందు ఆపేయండి, తిన్న తర్వాత 30 నిమిషాలు ఆగి మొదలుపెట్టండి. ముద్దకో గుక్క తాగితే ఆహారం త్వరగా కిందికి దిగి, ఆకలి త్వరగా వస్తుంది, పట్టేదీ ఎక్కువవుతుంది. రోజుకు లీటరున్నర నీళ్లు మాత్రం తప్పకూడదు, భోజనాల మధ్య గుక్క గుక్కగా.

పళ్లెంలో వరస: ముందు ప్రొటీన్, తర్వాత కూరగాయలు, చోటు మిగిలితేనే పిండిపదార్థం. పూటకు 20 నుంచి 30 నిమిషాలు. ఛాతీ మధ్యలో బరువు, ఎక్కిళ్లు, ఉన్నట్టుండి ముక్కు కారడం కనిపిస్తే పౌచ్ నిండిందని అర్థం. ఆ తర్వాతి ముద్దే వాంతి తెస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కదలకపోతే తప్పు మీది కాదు. చిన్నదైన ఒంటికి తక్కువ శక్తి సరిపోతుంది. తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఎప్పుడో ఒకప్పుడు రాబడీ ఖర్చూ సమానమవుతాయి.

ప్రశ్న: రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ తినమంటున్నారు. 35 దాటలేకపోతున్నాను. అంత ముఖ్యమా?

జవాబు: ముఖ్యమే. వేగంగా బరువు తగ్గేటప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. ప్రొటీన్ తక్కువైతే ఇంకా ఎక్కువ పోతుంది. కండ తగ్గితే రోజువారీ ఖర్చు తగ్గుతుంది, ముల్లు ఇంకా నెమ్మదిస్తుంది. సాధారణ లక్ష్యం రోజుకు 60 నుంచి 80 గ్రాములు.

లెక్క ఇలా: గుడ్డు ఒకటికి 6 గ్రాములు. వండిన చికెన్ 100 గ్రాములకు 30 దాకా, చేప 20 నుంచి 25. పాలు 200 మిల్లీలీటర్లకు 6 లేదా 7. పనీర్ 100 గ్రాములకు 18 దగ్గర. ఉడికిన పప్పుధాన్యాలు 100 గ్రాములకు 7 నుంచి 9. శాకాహారులకు తంటా ఈ చివరి అంకెతోనే: పౌచ్‌లో చోటు తక్కువ, పప్పులో నీరూ పిండీ ఎక్కువ. కాబట్టి వారికి ప్రొటీన్ పౌడర్ దాదాపు తప్పదు. స్కూపుకు 20 గ్రాములకు పైగా ప్రొటీన్, 5 గ్రాముల లోపు చక్కెర ఉన్నది చూసుకోండి. దాన్ని భోజనంతో కలపకుండా రెండు భోజనాల మధ్య, అరగంట పాటు చప్పరిస్తూ తాగితే కొత్తగా 20 గ్రాములు చేరినట్టే. మీ 35 అక్కడికే 55 అయింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా పెంచవద్దు.

వ్యాయామం గురించి కూడా ఇందులోనే ఒక మాట. నడక వారానికి 150 నిమిషాలతో మొదలుపెట్టి 300 దాకా పెంచుకోవచ్చు. కండను నిలబెట్టేది మాత్రం బరువులు, రబ్బరు బ్యాండ్లు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం లాంటివి. సర్జన్ అనుమతించాక వారానికి రెండు మూడు రోజులు చేయండి.

ప్రశ్న: తిండి, నడక అన్నీ సక్రమంగానే ఉన్నాయి. మందుల వల్ల బరువు ఆగుతుందా?

జవాబు: ఆగుతుంది. ఇది చివర్లో కాదు, మొదట్లోనే చూడాల్సిన విషయం. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటి సల్ఫోనిలూరియాలు, పయోగ్లిటాజోన్, స్టెరాయిడ్లు, మిర్టజపిన్, అమిట్రిప్టిలిన్, ఒలాంజపిన్, వాల్‌ప్రోయేట్, ప్రీగాబలిన్, కొన్ని బీటా బ్లాకర్లు బరువు పెంచే వైపు లాగుతాయి. మీ చీటీలో ఇవి ఉంటే మార్చే వీలుందా అని డాక్టరును అడగండి. సొంతంగా ఆపకండి. ఫిట్స్ మందో మానసిక వైద్యం మందో ఆపితే వచ్చే ముప్పు ఆగిన రెండు కిలోల కంటే చాలా పెద్దది.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు దానికీ కాల్షియం, ఐరన్ మాత్రలకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉంచాలి. లేకపోతే మాత్ర వేసుకున్నా ఒంటికి పట్టదు. కాల్షియాన్నీ ఐరన్‌నూ కూడా రెండు గంటల తేడాతోనే వేసుకోవాలి.

ప్రశ్న: పౌచ్ సాగిపోయిందని అనుమానం. ఐదు రోజులు ద్రవాలే తాగితే మళ్లీ చిన్నదవుతుందంటున్నారు. లేదా రెండో సర్జరీయే దిక్కా?

జవాబు: ఐదు రోజుల ద్రవాలతో పౌచ్ చిన్నదవదు. చిరుతిండి అలవాటు తెగడం వల్ల, నీరు పోవడం వల్ల ముల్లు దిగుతుంది, జనం ‘పౌచ్ కుదించుకుంది’ అనుకుంటారు. పౌచ్ కొంత సాగడం అందరికీ జరిగేదే. అసలు నిర్మాణంలోనే లోపం ఉందా అన్నది బేరియం ఎక్స్‌రే, ఎండోస్కోపీ చెబుతాయి. స్లీవ్‌లో పైభాగం ఎక్కువగా మిగిలిపోవడం, బైపాస్‌లో పౌచ్‌కూ పాత కడుపుకూ మధ్య దారి ఏర్పడటం లాంటివి అప్పుడు బయటపడతాయి. ఇదివరకటి కంటే రెట్టింపు తినగలుగుతున్నారంటే, ఆకలి హఠాత్తుగా పెరిగిందంటే ఆ పరీక్షలు అడగండి.

రెండో సర్జరీకి ముందు మందుల మెట్టు ఒకటుంది. లిరాగ్లుటైడ్, సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లను సర్జరీ అయినవారికీ వాడుతున్నారు. అయితే అవి ఆకలిని ఇంకా తగ్గిస్తాయి కాబట్టి ప్రొటీన్, నీళ్ల మీద మరింత నిఘా కావాలి. స్లీవ్‌ను బైపాస్‌గా మార్చడం సబబుగా తోచేది ఎక్కువగా స్లీవ్‌తోపాటు గుండెమంట కూడా తీవ్రంగా ఉన్నవారికి. రెండోసారి కోతలో చిక్కులు మొదటిసారి కంటే ఎక్కువ.

ప్రశ్న: రోజుకు నాలుగుసార్లు బరువు చూసుకుంటున్నాను. ఇంట్లో అందరూ ‘ఎంత తగ్గావు’ అనే అడుగుతారు. ఏ పని మీదా మనసు నిలవడం లేదు.

జవాబు: కాటాను బాత్రూంలోంచి తీసి అటక మీద పెట్టించండి, వారానికొకసారే దింపాలి. ఇంట్లోవాళ్లకు చెప్పడానికి ఒక వాక్యం తయారుగా ఉంచుకోండి: ‘నెలకోసారి నేనే చెప్తాను, మధ్యలో అడగొద్దు.’ బరువు కాని అంకెలు కూడా రాయండి: ఆగకుండా ఎక్కిన మెట్లు, తగ్గిన షుగర్ మాత్రలు, బీపీ, బెల్టు రంధ్రం.

ఇదివరకు బెంగ కలిగితే తిని సర్దుకునేవారికి సర్జరీ తర్వాత ఆ దారి మూసుకుపోతుంది, బెంగ మాత్రం ఎక్కడికీ పోదు. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోతే, ఏదీ ఇష్టం లేకపోతే సైకియాట్రిస్టునో కౌన్సెలర్‌నో కలవండి. బతకాలని లేదనే ఆలోచన వస్తే ఆ రోజే చెప్పండి.

ప్రశ్న: నెమ్మదిగా తగ్గుతున్నానని తిండి బాగా తగ్గించాను. పది రోజులుగా రోజూ వాంతులు కూడా అవుతున్నాయి. కనీసం బరువైనా దిగుతోంది కదా అని ఊరుకున్నాను.

జవాబు: ఊరుకోవద్దు, ఈ పత్రిక పక్కన పెట్టి ఇవాళే ఆస్పత్రికి వెళ్లండి. రెండు మూడు రోజులకు మించి ఏదీ నిలవకపోతే దారి ఇరుకైందేమో, పుండు పడిందేమో చూడాలి. అంతకంటే తొందర విటమిన్ బీ1ది. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి రాదు. అయిపోతే చూపు రెండుగా కనిపించడం, నడకలో తూలడం, తికమక మొదలవుతాయి. ఆలస్యమైతే మెదడుకు జరిగిన నష్టం మిగిలిపోవచ్చు. ఆస్పత్రిలో అడుగుపెట్టగానే ‘నాకు బేరియాట్రిక్ సర్జరీ అయింది, పది రోజులుగా వాంతులు’ అని చెప్పండి. గ్లూకోజ్ సెలైన్ పెట్టబోతే, దానికంటే ముందు థయామిన్ (అదే విటమిన్ బీ1) ఇంజెక్షన్ ఇస్తున్నారా అని అడగండి.