స్పేసర్లు వేయించే ముందు నట్టు చుట్లు లెక్కపెట్టండి

మీ స్విఫ్ట్ వెనుక చక్రాలు బాడీలోకి ముడుచుకుపోయినట్టు ఉన్నాయనీ, చక్రానికీ, దాన్ని బిగించే హబ్‌కూ మధ్య పెట్టే 20 మిల్లీమీటర్ల లోహపు పలకలు, అంటే స్పేసర్లు, వేస్తే కారు వెడల్పుగా కనిపిస్తుందా, ప్రమాదమేమైనా ఉందా అనీ అడిగారు. కనిపిస్తుంది, రెండు వైపులా కలిపి 40 మి.మీ. పెరుగుతుంది. ప్రమాదం మాత్రం ఎలాంటి స్పేసరు, ఎలా బిగించారు అన్నదానిపై ఆధారపడి ఉంటుంది.

నేను మొదట వేయించినవి హబ్ నుంచి పొడుచుకొచ్చి నట్లు ఎక్కించుకునే మరల (స్టడ్ల) మీదే తొడిగే 5 మి.మీ. పలకలు. మన కారు స్టడ్డు మందం 12 మి.మీ., నట్టు ఒక్క చుట్టు తిరిగితే 1.25 మి.మీ. ముందుకు వెళుతుంది. నట్టు కనీసం స్టడ్డు మందమంత లోతుకు, అంటే సుమారు పది చుట్లు ఎక్కాలి. ఆ పలక అందులో నాలుగు చుట్లు మింగేసింది. పైగా చక్రాన్ని సరిగ్గా మధ్యలో నిలబెట్టే హబ్ అంచును కూడా చాలావరకు కప్పేసింది. ఆనందపురం దాటి విజయనగరం వైపు వెళుతుండగా 80 వేగం దగ్గర సీటు కింద వణుకు మొదలైంది. దారిలో పంక్చరు షాపతను చక్రం విప్పుతూ, "ఆరు చుట్లకే ఊడొచ్చేసింది సార్, ఇలాగే తిరుగుతున్నారా?" అన్నాడు.

తరువాత హబ్‌కు విడిగా బిగించే, సొంత స్టడ్లు గల 20 మి.మీ. రకం వేయించాను. వణుకు పోయింది. కానీ అందులో లోపలి నాలుగు నట్లు చక్రం వెనుక దాగి ఉంటాయి కనుక, అవి వదులైనా బయటి నుంచి తెలియదు; వంద కిలోమీటర్లు తిరిగాక చక్రాలు విప్పి, బిగువును కొలిచి చూపే టార్క్ రెంచితో మళ్లీ బిగించి తీరాలి. పాత స్టడ్ల కొనలు స్పేసరు ముఖం దాటి బయటికి వస్తే, చక్రం వెనుక వాటికి గుంటలు లేనప్పుడు అసలు సరిగా కూర్చోదు.

మన విశాఖకు ప్రత్యేకమైన బాధ మరొకటి ఉంది. నేను కారు ఆపేది సముద్రం పక్కన లాసన్స్ బే దగ్గర, ఆరుబయట. అల్యూమినియం స్పేసరు, ఇనుప హబ్, మధ్యలో ఉప్పు తేమ కలిస్తే తుప్పు రెండింటినీ అతికించేస్తుంది. రెండో వర్షాకాలం తరువాత బ్రేకు షూలు మార్చబోతే స్పేసరు కదలలేదు. చెక్కముక్క అడ్డుపెట్టి గంటసేపు కొట్టాక, సున్నంలాంటి తెల్లపొడి రాలుతూ ఊడింది. వేయించేటట్టయితే హబ్ ముఖాన్ని తీగబ్రష్షుతో శుభ్రం చేయించి, లోహాలు అతుక్కుపోకుండా ఆపే యాంటీసీజ్ లేపనం పలుచగా రాయించండి. స్టడ్లకు మాత్రం అంటనివ్వకండి, బిగింపు లెక్క తప్పుతుంది.

ముందు చక్రాలకైతే వద్దనే చెబుతాను, స్టీరింగు బరువెక్కి గుంతల్లో చేతిని లాగుతుంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ మార్పుల గురించే కనుక, మీ బీమా సంస్థను ముందే రాతపూర్వకంగా అడగండి.

నేనిప్పుడు స్పేసర్లు తీసేసి, ఆఫ్‌సెట్ (చక్రం నడిమధ్య నుంచి హబ్‌కు ఆనే ముఖం వరకు ఉండే దూరం, మి.మీ.లలో) 45 నుంచి 35కు తగ్గిన అల్లాయ్ చక్రాలు వాడుతున్నాను. వచ్చింది 10 మి.మీ. మాత్రమే, బేరింగు మీద అదనపు భారం దీనికీ తప్పదు. కానీ మధ్యలో మరో అతుకు లేదు, నలుగురితో సింహాచలం ఘాటు ఎక్కినా టైరు ఎక్కడా రాసుకోవడం లేదు.