జగిత్యాల జేఎన్టీయూ, సుల్తాన్‌పూర్, వరంగల్ కేయూ... సీఎస్‌ఈకి ఏది ముందు పెట్టాలి?

కరీంనగర్ నుంచి ఒక అన్న అడిగారు. బిడ్డకి టీజీ ఈఏపీసెట్‌లో 11 వేల చిల్లర ర్యాంకు వచ్చింది, మాది బీసీ-డీ, సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) తప్ప వేరే బ్రాంచి వద్దే వద్దంటోంది, ప్రైవేట్ ఫీజులు మేం కట్టలేం కాబట్టి యూనివర్సిటీ కాలేజీలే చూస్తున్నాం, జగిత్యాల జేఎన్టీయూ, సుల్తాన్‌పూర్ జేఎన్టీయూ, వరంగల్ కేయూ (కాకతీయ యూనివర్సిటీ) ఈ మూడిట్లో ఏది ముందు పెట్టాలి, ఓయూ (ఉస్మానియా) ఎలాగూ రాదు కదా, బంధువులేమో జేఎన్టీయూ ఎక్కడున్నా జేఎన్టీయూనే అంటున్నారు, మీరేమంటారు అని.

అన్నా, ముందు మీ బంధువుల మాట దగ్గరే మొదలుపెడతా, చాలామంది పొరబడేది ఇక్కడే. జేఎన్టీయూ అన్న ఒక్క పేరు కింద మూడు రకాల కాలేజీలున్నాయి. ఒకటి కూకట్‌పల్లి మెయిన్ క్యాంపస్, అది 1965లో నాగార్జునసాగర్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలై 1972లో యూనివర్సిటీ వచ్చాక అందులో కలిసిపోయింది. రెండోవి యూనివర్సిటీ సొంతంగా జిల్లాల్లో నడిపేవి, అంటే 2007లో వచ్చిన జగిత్యాల, ఆ తర్వాత మంథని, సుల్తాన్‌పూర్ లాంటివి. మూడోవి జేఎన్టీయూ గుర్తింపు (అఫిలియేషన్) ఉన్న ప్రైవేట్ కాలేజీలు, అవి బోలెడు. ఒకసారి ఒక పెద్దాయన స్వీట్ బాక్స్ పట్టుకుని వచ్చి మావాడికి జేఎన్టీయూలో సీటొచ్చింది సార్ అన్నారు, అలాట్‌మెంట్ ఆర్డర్ తీసి చూస్తే ఊరి బయట ఒక ప్రైవేట్ కాలేజీ, ఆయనకి ఆ తేడా ఎవరూ చెప్పలేదు, ఆ మాట నేను చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. మీ లిస్టులో ఉన్నవి మూడూ నిజంగా యూనివర్సిటీ కాలేజీలే, ఆ విషయంలో భయం లేదు. కానీ ఒకే పేరున్నంత మాత్రాన ఒకే కాలేజీ కాదు, కూకట్‌పల్లి పేరు చూసి సుల్తాన్‌పూర్ పెట్టకండి, అది సంగారెడ్డి జిల్లాలో ఉంది, హైదరాబాద్ సిటీలో ఉన్నట్టు ఊహించుకుని చేరి తర్వాత బాధపడినవాళ్ళున్నారు.

ఇక నేను చెప్పదలుచుకున్న అసలు విషయం. సీఎస్‌ఈ విషయంలో మన రాష్ట్ర యూనివర్సిటీల మధ్య తేడా పేరులో కంటే రెండు చోట్ల ఎక్కువ ఉంటుంది, ఒకటి క్లాసు అయ్యాక బిడ్డ చేతిలో రోజుకి ఎన్ని గంటలు మిగులుతాయి, రెండు ఆ గంటల్లో పక్కన ఎవరు కూర్చుంటారు. ఎందుకంటే ఉన్నమాట చెప్పుకోవాలి, రాష్ట్ర యూనివర్సిటీల్లో రెగ్యులర్ ప్రొఫెసర్ పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్నాయి, చాలా సబ్జెక్టులు కాంట్రాక్ట్, గెస్ట్ ఫ్యాకల్టీనే చెప్తారు. వాళ్ళలో అద్భుతంగా చెప్పేవాళ్ళు ఉన్నారు, నేను చూశాను, కాకపోతే వచ్చే సంవత్సరం అదే మనిషి ఉంటారో లేదో చెప్పలేం. కాబట్టి ఎక్కడ చేరినా సగం కోడింగ్ తను సొంతంగా నేర్చుకోవాల్సిందే.

నేనొకసారి ఒక యూనివర్సిటీ కాలేజీ ల్యాబ్‌లో కూర్చున్నా. సెకండియర్ పిల్లలు, డేటా స్ట్రక్చర్స్ ల్యాబు. రికార్డు బుక్కులు ఒక్కొక్కటే తిరగేస్తుంటే లింక్డ్ లిస్ట్ ప్రోగ్రాంలో ఒక లైన్ చివర సెమికోలన్ లేదు, పక్క రికార్డులోనూ అదే లైన్లో లేదు, దాని పక్కదాంట్లోనూ లేదు, అందరూ ఎప్పటిదో ఒక సీనియర్ రికార్డు చూసి రాశారన్నమాట, అన్నిటికీ ఎర్ర సంతకం పడింది. అదే ల్యాబ్‌లో మూలకి ఒకమ్మాయి మాత్రం అబ్జర్వేషన్ బుక్కులో పెన్నుతో బాక్సులు గీసుకుని, బాణం గుర్తులు పెట్టుకుని, ఒక నోడ్ డిలీట్ చేస్తే ఏ పాయింటర్ ఎటు మారాలో తనే చూసుకుంటోంది. అడిగితే, హాస్టల్లో మేం నలుగురం రాత్రి ఇలాగే చేస్తాం సార్ అంది. కాలేజీ ఒకటే, ల్యాబ్ ఒకటే, రికార్డు మార్కులూ దాదాపు ఒకటే. ఆ నలుగురు దొరకడమే మీ బిడ్డకి కావాల్సింది.

ఆ లెక్కన చూస్తే నా ఓటు జగిత్యాల జేఎన్టీయూకి, కానీ ఒక షరతు మీద. కాలేజీ జగిత్యాల ఊళ్ళో లేదు, కొండగట్టు దగ్గర నాచుపల్లిలో ఉంది, కరీంనగర్ నుంచి 35 కిలోమీటర్లు ఉంటుందేమో, అందుకే మీలాంటి తల్లిదండ్రులు ఇంటి దగ్గర నుంచే అప్ అండ్ డౌన్ చేస్తుందిలే అనుకుంటారు. దయచేసి అలా చేయకండన్నా. బస్సు కోసం నిలబడేదీ, ప్రయాణమూ, ఇంటికొచ్చి అలిసిపోయి కాసేపు పడుకునేదీ కలిపితే రోజుకి మూడు గంటలు పోతాయి, ఆ మూడు గంటలే తనకి కావాల్సినవి. హాస్టల్లో ఉంచండి, శనివారం సాయంత్రం ఇంటికి వచ్చేస్తుంది. ఆడపిల్ల కళ్ళ ముందు ఉండాలనే మీ భయం నాకు అర్థమవుతుంది, నేనూ ఆడపిల్ల తండ్రినే, అందుకే దూరం పంపమనట్లేదు, గంట ప్రయాణంలో ఉన్న హాస్టల్ అంటున్నా.

కేయూ వరంగల్ తక్కువేం కాదు. నిజానికి బయటికి వెళ్ళి నలుగురిలో కలిసే పిల్ల అయితే నేను కేయూనే ముందు పెట్టమంటా, ఎందుకంటే హనుమకొండలో ఉంటే పక్కనే ఎన్‌ఐటీ ఉంది, అక్కడ టెక్నోజియాన్ లాంటి ఫెస్టులకి, వర్క్‌షాప్‌లకి వెళ్ళొచ్చు, పెద్ద కాలేజీ పిల్లలు ఏ స్థాయిలో ప్రాజెక్టులు చేస్తున్నారో కళ్ళతో చూస్తే తనకి ఒక అంచనా వస్తుంది. నెమ్మదిగా తన పని తను చేసుకునే పిల్ల అయితే జగిత్యాల. ఏ రకమో మీకే తెలుసు. సుల్తాన్‌పూర్ మూడోది, కాలేజీ బాగాలేక కాదు, మీ ఇంటికీ దూరం, సిటీకీ దూరం, మీకు రెండు విధాలా కలిసిరాదు.

ప్లేస్‌మెంట్ గురించి ఒక్క మాట, ఫలానా కాలేజీకి ఇన్ని లక్షల ప్యాకేజీ వచ్చింది అన్న ఫ్లెక్సీ చూసి నిర్ణయం తీసుకోకండి, అది ఒక్కరిది. సీఎస్‌ఈలో మొత్తం ఎంతమంది, అందులో ఎంతమందికి వచ్చింది అని అడగండి. చాలా కంపెనీలు టెన్త్, ఇంటర్, బీటెక్ అన్నిట్లో 60 శాతం ఉండాలి, బ్యాక్‌లాగ్ (పాసవ్వని సబ్జెక్టు) ఉండకూడదు అంటాయి, అందుకని ఫస్టియర్ మ్యాథ్స్‌లో ఫెయిల్ కాకుండా ఉండటం ఏ యూనివర్సిటీ పేరు కంటే ఎక్కువ ఉపయోగం. అటెండెన్స్ కూడా, జేఎన్టీయూలో 75 శాతం రూల్, మెడికల్ సర్టిఫికెట్ పెట్టి కండోనేషన్ (తగ్గిన హాజరుకి మినహాయింపు) ఫీజు కట్టినా 65 కంటే కిందకి పోతే డిటెయినే, అంటే ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాల్సిందే.

వెబ్ ఆప్షన్ల సంగతి. ఓయూ రాదు కదా అని వదిలేయకండి. 1929లో మొదలైన కాలేజీ అది, సీఎస్‌ఈకి పోటీ చాలా ఎక్కువ, మీ ర్యాంకుకి కష్టమే, అయినా మొదటి రెండు ఆప్షన్లు ఓయూ, కూకట్‌పల్లి పెట్టండి, రాని ఆప్షన్ పైన పెట్టినందుకు కింద ఆప్షన్లకి నష్టమేం లేదు, సిస్టమ్ పై నుంచి చూసుకుంటూ వచ్చి మీ ర్యాంకుకి దొరికే మొదటిదే ఇస్తుంది. ఆ తర్వాత పైన చెప్పిన వరసలో పెట్టండి. పోయినేడు లాస్ట్ ర్యాంకులు చూసేటప్పుడు బీసీ-డీ గర్ల్స్ కాలమ్ చూడండి, ఓసీ బాయ్స్ కాలమ్ చూసి నిరాశపడేవాళ్ళు ఎక్కువ. బ్రాంచి కోడ్‌లు జాగ్రత్త, సీఎస్‌ఈ వేరు, సీఎస్‌ఎం అంటే ఏఐ అండ్ ఎంఎల్, సీఎస్‌డీ అంటే డేటా సైన్స్. యూనివర్సిటీ కాలేజీ అయినా కొన్ని సీట్లు సెల్ఫ్ ఫైనాన్స్ కింద ఉంటాయి, ఫీజు ఎక్కువ, ఆప్షన్ పెట్టే ముందు ఫీజు కాలమ్ చూడాల్సిందే. మీ ర్యాంకు 10 వేలు దాటింది కాబట్టి బీసీ రీయింబర్స్‌మెంట్ 35,000 వరకే వస్తుంది, మిగతాది మీ జేబులోంచే. సెకండ్ ఫేజ్‌లో మళ్ళీ ఆప్షన్లు పెట్టి కొత్త సీటు వస్తే పాత సీటు దానంతటదే పోతుంది, కాబట్టి అప్పుడు నిజంగా ఇంకా మంచిది అనుకున్నవి మాత్రమే పెట్టండి.

ఆప్షన్లు ఫ్రీజ్ చేసేలోపు ఒక వర్కింగ్ డే చూసుకుని బిడ్డని తీసుకుని నాచుపల్లి వెళ్ళి రండి. ప్రిన్సిపాల్ గదికి కాదు, క్యాంటీన్ దగ్గరో హాస్టల్ గేటు దగ్గరో థర్డియర్ సీఎస్‌ఈ అమ్మాయిలు కనిపిస్తారు, మీరు కాస్త పక్కకి నిలబడి తననే మాట్లాడనివ్వండి, ఫస్టియర్‌కి హాస్టల్ గది ఇస్తారా, రాత్రి వైఫై ఎన్నింటి వరకు వస్తుంది, ల్యాబ్‌లో ఒక సిస్టమ్‌కి ఎంతమంది, ఇవి అడగమనండి. ఈలోపు మీరు మీసేవకి వెళ్ళి ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కి అప్లై చేసేయండి, ఈ సంవత్సరం జనవరి 1 తర్వాత ఇచ్చిందే వెరిఫికేషన్‌లో తీసుకుంటారు, 6వ తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు కూడా ఒక కవర్లో పెట్టి ఉంచుకోండి.