అమెరికాలో ఫెడరల్ క్రిమినల్ కేసు ఎలా నడుస్తుంది? మా ఇంట్లో జరిగింది చెబుతాను

మీ తమ్ముడిని మొన్న డాలస్‌లో ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, ఏజెంట్లు అరెస్ట్ చేశారని, గుంటూరులో అమ్మానాన్నలు తిండి మానేశారని రాశారు. కేసు ఎలా నడుస్తుంది, ఎన్నాళ్లు పడుతుంది, బెయిల్ వస్తుందా అని అడిగారు. నేను లాయర్‌ని కాదండి. న్యూజెర్సీలో మా మరిది కేసు మొదటి రోజు నుంచి చివరిదాకా మా ఇంట్లోనే నడిచింది. చూసింది చూసినట్టు చెబుతాను.

ముందుగా ఇది క్రిమినల్ కేసా, ఇమిగ్రేషన్ కేసా అన్నది కనుక్కోండి. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గొడవ గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వమే పెట్టిన ఆ నకిలీ కాలేజీలో చేరిన విద్యార్థులను ఇమిగ్రేషన్ ఉల్లంఘన కింద పట్టుకున్నారు. క్రిమినల్ కేసు పెట్టింది పిల్లల్ని చేర్పించిన ఎనిమిది మంది మీద. రెండింటికీ కోర్టులు వేరు. క్రిమినల్ కేసులో స్తోమత లేకపోతే కోర్టే లాయర్‌ని ఇస్తుంది, ఇమిగ్రేషన్‌లో ఆ సౌకర్యం లేదు. కోర్టు ఇచ్చే ఆ లాయర్లను తక్కువగా చూడకండి. వాళ్లకు రోజూ ఇదే పని.

మా ఇంటికి ఏజెంట్లు పొద్దున ఆరింటికి వచ్చారు. కోవిడ్ సమయంలో చిన్న వ్యాపారాలకు ఇచ్చిన లోన్లలో మోసం అన్నారు. కంపెనీ స్నేహితుడిది, కాగితాల మీద సంతకాలు మా మరిదివి. తప్పు చేయనివాడికి భయమెందుకు అనుకుని, వంటగదిలో కూర్చుని నలభై నిమిషాలు వాళ్లతో మాట్లాడాడు. నేను కాఫీ కూడా ఇచ్చాను. ఆ నలభై నిమిషాల్లో ఒక తేదీ తప్పు చెప్పాడు, ఒక ఈమెయిల్ గుర్తులేదన్నాడు. తర్వాత ఆ మాటలన్నీ కేసు కాగితాల్లో కనిపించాయి. ఫెడరల్ అధికారికి కావాలని అబద్ధం చెప్పడం విడిగా ఐదేళ్ల దాకా శిక్ష పడే నేరమని మాకు అప్పుడు తెలియదు. లాయర్ పక్కన లేకుండా ఒక్క ముక్క కూడా మాట్లాడవద్దని మీ తమ్ముడికి ఎలాగైనా కబురు పెట్టండి.

అరెస్ట్ తర్వాత ఆలస్యం చేయకుండా మేజిస్ట్రేట్ జడ్జి ముందు నిలబెడతారు. మావాడిని మర్నాడే తీసుకొచ్చారు, కాళ్లకు గొలుసులతో. ఆ రోజు నేరం చేశాడా లేదా అన్న మాటే రాదు. ఆరోపణలు చదివి వినిపిస్తారు, లాయర్ సంగతి చూస్తారు, బయటికి వదలాలా వద్దా అన్నది మొదలవుతుంది. ప్రభుత్వం గడువు అడిగితే ఆ విచారణ మూడు రోజుల దాకా వాయిదా పడవచ్చు. జడ్జి చూసేవి ముఖ్యంగా రెండు: పారిపోతాడా, బయటుంటే ఎవరికైనా ప్రమాదమా? ఇండియా పాస్‌పోర్ట్ ఉందంటే పారిపోతాడన్న అనుమానం ముందే వస్తుంది. అందుకే కుటుంబం కోర్టులో కనబడాలి. మాకు లక్ష డాలర్ల బాండ్ పెట్టారు కానీ డబ్బు కట్టించుకోలేదు, అతను పారిపోతే కడతానని మావారు సంతకం పెట్టారు. పాస్‌పోర్ట్ తీసుకున్నారు, కాలికి జీపీఎస్ పట్టీ కట్టారు. నన్ను సంరక్షకురాలిగా పెట్టి, అతను షరతు తప్పితే వెంటనే కోర్టుకు చెబుతానని నాతో ప్రమాణం చేయించారు. సొంత మరిది మీద నేనే ఫిర్యాదు చేస్తానని అందరి ముందు చెప్పాల్సి వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కానీ ఆ మాట చెప్పబట్టే అతను ఇంటికి వచ్చాడు.

తర్వాతది గ్రాండ్ జ్యూరీ. 16 నుంచి 23 మంది మామూలు పౌరులు తలుపులు మూసుకుని ప్రభుత్వం చూపే సాక్ష్యం వింటారు. మన లాయర్‌కు లోపలికి ప్రవేశం లేదు. కనీసం 12 మంది ఒప్పుకుంటే ఇండైట్‌మెంట్, అంటే నేరారోపణ పత్రం, వస్తుంది. చట్టప్రకారం అరెస్టయిన 30 రోజుల్లో అది రావాలి, అక్కడి నుంచి 70 రోజుల్లో ట్రయల్ మొదలవ్వాలి. ఈ లెక్క చూసి మూడు నెలల్లో తేలిపోతుందని మా అత్తగారికి చెప్పేశాను, అది నా పొరపాటు. పిటిషన్లు, వాయిదాలు, ఇరుపక్షాలు అడిగే గడువులు ఆ 70 రోజుల్లో కలవవు. మాకు అరెస్ట్ నుంచి శిక్ష దాకా పదమూడు నెలలు పట్టింది, అదే త్వరగా అయిందన్నారు.

అమ్మానాన్నలకు బాగా అర్థం కావాల్సింది ఇదీ. మన దగ్గర కేసంటే ఏళ్ల తరబడి వాయిదాలు, చివర్లో వాదనలు, తీర్పు అనుకుంటాం. ఇక్కడ ట్రయల్ దాకా వెళ్లేవి చాలా తక్కువ. శిక్ష పడినవాళ్లలో నూటికి 95 మందికి పైగా ముందే నేరం ఒప్పుకున్నవాళ్లు. అంటే కేసు నిజంగా తేలేది ప్రాసిక్యూటర్‌కూ మీ లాయర్‌కూ మధ్య జరిగే బేరంలో. దాన్ని ప్లీ అగ్రిమెంట్ అంటారు. ప్రభుత్వం దగ్గరున్న సాక్ష్యాలన్నీ లాయర్ చేతికొచ్చి, ఆయన చదివి, మీ తమ్ముడికి అర్థమయ్యేలా చెప్పేదాకా సంతకానికి తొందరపడవద్దు.

ఇక్కడే మేం దెబ్బతిన్నాం. మావాడికి గ్రీన్ కార్డ్ ఉంది, కాబట్టి పంపించరు అనుకున్నాం. మోసం కేసులో నష్టం 10,000 డాలర్లు దాటితే గ్రీన్ కార్డ్ ఉన్నా దేశం నుంచి పంపించేసే నేరాల్లోకి వస్తుంది. ఆ అంకె ఒప్పందంలోనే రాసి ఉంది, మేం జైలు నెలలే లెక్కపెట్టుకున్నాం. ఇమిగ్రేషన్ పరిణామాలు చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యతేనని 2010లో అమెరికా సుప్రీంకోర్టు పాడిల్లా కేసులో తీర్పిచ్చింది. మా లాయర్ చెప్పారు కూడా, కానీ "సమస్య రావచ్చు" అని ఒక్క వాక్యంలో. విడిగా ఇమిగ్రేషన్ లాయర్‌ని కలిసేసరికి సంతకాలు అయిపోయాయి. మీరు ఈ వారమే కలవండి. ఈ ఒక్క ఖర్చుకు వెనకాడకండి.

వార్తల్లో "20 ఏళ్ల దాకా జైలు" అని వస్తుంది, ఆ మాట విని మా అత్తగారు విజయవాడలో కుప్పకూలిపోయారు. అది చట్టంలోని గరిష్ఠం మాత్రమే. నేరం ఒప్పుకున్నాక ప్రొబేషన్ ఆఫీసర్ చదువు, ఉద్యోగం, కుటుంబం అన్నీ అడిగి రిపోర్ట్ రాస్తారు. నష్టం ఎంత, పాత కేసులున్నాయా అన్న దాన్ని బట్టి శిక్షల గైడ్‌లైన్స్ పట్టికలో ఇన్ని నెలల నుంచి ఇన్ని నెలలని వస్తుంది. 2005 నుంచి అది జడ్జికి సూచన మాత్రమే, తగ్గించవచ్చు, పెంచవచ్చు. అప్పుడు బంధువులు, సహోద్యోగులు రాసే ఉత్తరాలు పనికొస్తాయి. మావాడికి 14 నెలలు పడింది. ఫెడరల్‌లో పెరోల్, అంటే శిక్ష పూర్తికాకముందే షరతులతో వదలడం, లేదు, ఏడాదికి మించిన శిక్షకు మంచి ప్రవర్తన ఉంటే ఏటా 54 రోజుల దాకా తగ్గుతుంది. జైలు నుంచి నేరుగా ఇమిగ్రేషన్ వాళ్లు తీసుకెళ్లారు. ఇప్పుడు విజయవాడలో వాళ్లమ్మ దగ్గర ఉన్నాడు.

అప్పీల్‌కు తీర్పు వచ్చాక 14 రోజులే గడువు. డాలస్ కేసులు న్యూ ఓర్లీన్స్‌లోని ఐదో సర్క్యూట్ అప్పీల్ కోర్టుకు వెళతాయి. కానీ చాలా ప్లీ ఒప్పందాల్లో అప్పీల్ హక్కు వదులుకుంటున్నట్టు రాసి ఉంటుంది, ఆ పేరా వెతికి చదవండి.

జైలు నుంచి వచ్చే ఫోన్లు రికార్డ్ అవుతాయి, తెలుగులో మాట్లాడినా అనువాదం చేయిస్తారు. ఎందుకు చేశావురా, ఎవరు ఇరికించారు అని అమ్మను అడగనివ్వకండి. ఏం తిన్నావు, నిద్ర పట్టిందా అని అడగమనండి, చాలు.