పారిస్‌లో నాలుగు రోజులే ఉంటే షాంతియీ కోటకు వెళ్లొచ్చా?

వెర్సై రాజభవనం వదిలేసి షాంతియీ వెళ్తే నష్టపోతామా అని అడిగారు. నేను రెండుసార్లు వెళ్లాను, రెండోసారి అమ్మతో. వెళ్లమనే చెబుతాను.

పారిస్ గార్ దు నోర్ స్టేషన్‌లో రైలెక్కితే అరగంటలోపే దిగుతారు. అక్కణ్నుంచి ఇంకో అరగంట నడక. పెద్దవాళ్లుంటే టాక్సీ చూసుకోండి, అమ్మకు ఆ నడక కష్టమైంది.

కోట చుట్టూ కందకం చెరువంత వెడల్పుగా ఉంటుంది. గాలి లేనప్పుడు గోపురాలతో సహా కోటంతా ఆ నీళ్లలో కనిపిస్తుంది. అయితే అంతా ఒకే కాలానిది కాదు. ఇందులో రెండు భాగాలు: చిన్న కోట, పెద్ద కోట. చిన్న కోట 1560 ప్రాంతంలో కట్టింది. పెద్దదాన్ని ఫ్రెంచి విప్లవం తర్వాత కూల్చేస్తే, ఫ్రెంచి రాజవంశీకుడు ఓమాల్ డ్యూక్ 1875-85 మధ్య పాత పునాదుల మీదే మళ్లీ కట్టించాడు.

ఈ డ్యూక్ కథ తెలుసుకుని వెళ్లండి. ఎనిమిదేళ్ల వయసులో, 1830లో ఈ ఆస్తి ఆయనకు వచ్చింది. పెద్ద కొడుకు 1866లో సిడ్నీలో పోయాడు. 1869లో భార్య, 1872లో పద్దెనిమిదేళ్ల చిన్న కొడుకు. వారసులు మిగల్లేదు. 1886లో ప్రభుత్వం ఆయన్ని దేశం నుంచి పంపించేసింది. అదే ఏడాది ఆయన కోటను, అందులోని చిత్రాలను, పుస్తకాలను అన్నిటినీ ఫ్రాన్స్ విద్వత్ సంస్థ 'ఆన్‌స్టిట్యూ ద ఫ్రాన్స్'కు రాసిచ్చాడు. పెట్టిన షరతు: తగిలించినవి తగిలించినట్టే ఉండాలి, ఒక్కటి కూడా బయట ప్రదర్శనకు ఇవ్వకూడదు.

అందుకే బొమ్మలు గోడ నిండా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. "ఇంత ఇరుకిరుగ్గా పెట్టారేంట్రా?" అంది అమ్మ. కొడుకుల సంగతి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మొదటి గదికి వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టి చూసింది.

బెర్రీ డ్యూక్ ప్రార్థన గ్రంథం, అంటే పదిహేనో శతాబ్దపు బొమ్మల చేతిరాత పుస్తకం కోసమే వెళ్తుంటే ఒక మాట. 2025లో కొన్ని నెలలు చూపించారు గానీ, మామూలుగా అసలు ప్రతిని బయటపెట్టరు. ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ గీసిన 'ముగ్గురు గ్రేస్‌లు' (ముగ్గురు దేవతల బొమ్మ) మాత్రం వదలొద్దు. పదిహేడు సెంటీమీటర్ల చెక్క పలక మీద గీసింది, అరచేతికి కాస్త పెద్దది. 'సాంతువారియో' అనే చిన్న గదిలో ఉంటుంది. గ్రూపులు రాకముందే, పొద్దున్నే నేరుగా అక్కడికే వెళ్లండి.